ఆర్గానిక్ లివర్ ఇంట్లో అందరూ తినొచ్చా?

ప్రశ్న: నా వయసు 47. హిమోగ్లోబిన్ 9.2 ఉంది. లివర్ తింటే రక్తం పడుతుందని మా అబ్బాయి ఆర్గానిక్‌గా పెంచిన మేకల లివర్, కిడ్నీలు, బ్రెయిన్ రెట్టింపు రేటు పెట్టి తెప్పిస్తున్నాడు. వారానికి మూడుసార్లు ఇంటిల్లిపాదీ తింటున్నాం. కోడలికి మూడో నెల. మావారికి యూరిక్ యాసిడ్ ఎక్కువ. అందరూ తినొచ్చా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ముందు మీ కోడలి సంగతి చెబుతాను. ఆమెకు లివర్ పెట్టడం ఇవాళే ఆపేయండి. గర్భిణికి రోజుకు కావలసిన విటమిన్-ఎ 900 మైక్రోగ్రాములు. 3,000 దాటకూడదు. వంద గ్రాముల గొర్రె లివర్‌లో 7,000 పైనే ఉంటుంది. మేక లివర్‌లోనూ వేలల్లోనే. మొదటి మూడు నెలల్లో ఈ విటమిన్ మోతాదు మించితే బిడ్డ అవయవాలు ఏర్పడటంలో లోపాలు వచ్చే ప్రమాదం ఉంది. మేకను ఎంత శుభ్రంగా పెంచినా ఇది మారదు, ఎందుకంటే విటమిన్-ఎ మందుల అవశేషం కాదు, లివర్‌లో సహజంగా నిల్వ ఉండేదే. ఇప్పటిదాకా తిన్నదానికి టెన్షన్ పడకండి. గైనకాలజిస్టుకు ఈ విషయం చెప్పి, బిడ్డ అవయవాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటానికి ఐదో నెలలో చేసే టిఫా స్కాన్ మాత్రం తప్పకుండా చేయించండి. ఆమెకు పప్పు, ఆకుకూరలు, గుడ్లు, బాగా ఉడికిన మామూలు మాంసం చాలు. డాక్టరు ఇచ్చిన ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు మానకూడదు.

ఇక మీరు. లివర్ నిజంగా బలమైన ఆహారమే. బి12, ఫోలేట్, రాగి, మంచి ప్రొటీన్ ఒకేచోట దొరుకుతాయి. అందులోని ఐరన్‌లో కొంత భాగం ఆకుకూరల్లోని ఐరన్ కన్నా తేలిగ్గా ఒంటికి పడుతుంది. ఒక రకం రక్తహీనతకు లివర్ తినిపించి నయం చేసినందుకే 1934లో ముగ్గురు వైద్యులకు నోబెల్ బహుమతి వచ్చింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం తర్వాత ఫోలేట్‌కు కృత్రిమ రూపమైన ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. అందుకే ఇప్పుడు అది మాత్రగా దొరుకుతోంది.

అయితే హిమోగ్లోబిన్ 9.2 ఉండటం లివర్‌తో తీరేది కాదు. వంద గ్రాముల్లో ఉండే ఐరన్ ఆరేడు మిల్లీగ్రాములు. మీ వయసులో నెలసరి ఆగని స్త్రీకి రోజుకు కావలసింది 29. ప్రభుత్వాసుపత్రిలో ఇచ్చే ఒక్క మాత్రలోనే 60 ఉంటుంది. అసలు రక్తం ఎందుకు తగ్గుతోందో తేలాలి. నెలసరిలో ఎక్కువగా పోతోందా? మొలలు, కడుపులో పుండు ఉన్నాయా? సీబీపీ, ఒంట్లో ఐరన్ నిల్వలు చెప్పే ఫెరిటిన్, బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించుకుని ఫిజీషియన్‌ను కలవండి. లివర్ వారానికి ఒక్కసారి, 50 నుంచి 75 గ్రాములు తింటే చాలు. విటమిన్-ఎ లేదా కాడ్ లివర్ ఆయిల్ మాత్రలు వాడుతుంటే అదీ వద్దు.

మీవారికి మూడూ మానిపించండి. లివర్, కిడ్నీల్లోని ప్యూరిన్లు అనే పదార్థాలు ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారతాయి. అది కీళ్లలో పేరుకుని గౌట్ నొప్పి మొదలైతే కాలు కింద పెట్టలేరు. బ్రెయిన్‌లో కొలెస్ట్రాల్ వంద గ్రాములకు వెయ్యి మిల్లీగ్రాములు దాటుతుంది. అది మీకూ రోజూ తినదగ్గది కాదు.

ఆర్గానిక్ అన్న మాటకు ఎంత డబ్బు పెట్టాలి? ఆ పద్ధతిలో పశువుకు మామూలుగా యాంటీబయాటిక్స్, హార్మోన్లు ఇవ్వరు, రసాయనాలు వాడని మేత పెడతారు. అది మంచి విషయమే. గడ్డి మేసిన జంతువు కొవ్వులో ఒమేగా-3 కాస్త ఎక్కువ ఉంటుంది. బి12, ఐరన్‌లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాదు. పైగా మన పల్లెల్లో మేకలు, గొర్రెలు ఎలాగూ బయట తిరిగి మేసేవే. రెట్టింపు రేటు పెట్టేముందు ప్యాకెట్ మీద ప్రభుత్వ ఆర్గానిక్ ధ్రువీకరణ గుర్తు ఉందో లేదో చూడండి. నా మటుకు నేను ఆ డబ్బు పళ్లు, పాలు, గుడ్లకు పెట్టమంటాను. భూమిలోని కాడ్మియం వంటి లోహాలు ఏ పద్ధతిలో పెంచినా జంతువు కిడ్నీల్లో పేరుకుంటాయి. వయసు పెరిగేకొద్దీ ఎక్కువవుతాయి. ముదురు మేకల కిడ్నీలు కొనకండి.

ఇంకో జాగ్రత్త. బయట మేసే జంతువుల లివర్‌లో ఒక్కోసారి నీటి తిత్తులు కనిపిస్తాయి. అవి కుక్కల్లో ఉండే బద్దెపురుగు వల్ల వచ్చేవి. అలాంటి లివర్ కొనొద్దు. పచ్చి ముక్కలు కుక్కలకు వేయొద్దు. కుక్క తింటే పురుగు దానిలో పెరిగి, మలం ద్వారా గుడ్లు మళ్లీ పిల్లల చేతులకు, కూరగాయలకు అంటుతాయి. ఏ లివరైనా లోపల గులాబీ రంగు పోయేదాకా ఉడికించండి.