హుషారొచ్చినప్పుడే పడుకో

అమ్మాయీ,

పగలంతా మంచం దిగలేకపోయి, పొద్దుపోయాక ఒక్కసారిగా ఓపికొచ్చి అలమార అంతా సర్దేశానని రాశావు. మూడో రోజు నుంచి తల ఎత్తలేకపోతున్నానని అదే ఉత్తరంలో రాశావు. నీకున్న ఎం.ఇ./సి.ఎఫ్.ఎస్. జబ్బులో, అంటే కాస్త శ్రమకే తర్వాత కుప్పకూల్చే ఈ దీర్ఘకాలిక నీరసంలో, ఆ రెండూ ఒకటే సంగతి. విడమరిచి చెబుతాను. కళ్ళు లాగితే సగంలో ఆపి, మిగతాది రేపు చదువు.

ఆ రాత్రి వచ్చింది ఓపిక కాదు, అడ్రినలిన్. మూత్రపిండాల పైన ఉండే గ్రంథులు దాన్ని రక్తంలోకి వదులుతాయి. దానికి తోడుగా నరాల కొసల నుంచి నోరడ్రినలిన్ వస్తుంది. ఆపద వేళ మనిషిని నిలబెట్టడానికి శరీరం దాచుకున్న ఏర్పాటు ఇది. నొప్పినీ నీరసాన్నీ కాసేపు కప్పేస్తుందే గాని తీసెయ్యదు. ఈ జబ్బులో శ్రమకు ఫలితం వెంటనే కనపడదు, చాలామందికి 12 నుంచి 48 గంటల తర్వాత బయటపడుతుంది. ఈలోపు చేసిన పని మరిచిపోయి, పడిపోయిన రోజు తిన్నదాన్ని తప్పుపడతారు. డైరీలో రెండు రోజుల వెనక్కి వెళ్ళి చూడు, కారణం అక్కడుంటుంది.

నిజమైన ఓపిక మెల్లగా వస్తుంది, పడుకోమంటే హాయిగా పడుకోనిస్తుంది. అడ్రినలిన్ ఉన్నట్టుండి వస్తుంది, కుదురుగా ఉండనివ్వదు. మాట వేగం పెరుగుతుంది, నోరు ఎండుతుంది, అరచేతులు చల్లబడతాయి, వేళ్ళు సన్నగా వణుకుతాయి, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడతావు. అనుమానం వస్తే 20 నిమిషాలు కళ్ళు మూసుకుని పడుకో. ఆ కాసేపు పడుకోవడమే భరించలేనట్టు అనిపిస్తే, అది అరువు హుషారని తెలుసుకో.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది. ఎంత పని చెయ్యాలన్నది హుషారు రాకముందే తేల్చుకోవాలి. అది వచ్చాక 'ఇంకొంచెం చెయ్యగలను' అనే తోస్తుంది, ఆ మాటను నమ్మడానికి లేదు. ఒక అర మాత్రమే సర్దాలి, పది నిమిషాలే మాట్లాడాలి అని ముందే అనుకుని టైమర్ పెట్టు. మోగగానే సగంలో ఉన్నా వదిలెయ్యి. సంతోషానికీ ఇదే లెక్క. ఆత్మీయులు వచ్చి కబుర్లు చెప్పినా, పోట్లాట జరిగినా, గుండె ఒకే రకంగా కొట్టుకుంటుంది. అలాంటి రోజున ముందు ఒక గంట, తర్వాత ఒక గంట పడుకోవడానికి కేటాయించుకో.

దడ మొదలయ్యాక దాన్ని నడిచి కరిగించుకోవాలని చూడకు. ఆరోగ్యవంతులకు చెప్పే ఆ సలహా నీకు చేటు. అలాగని పరుగు నుంచి ఒక్కసారిగా పడక మీదికి వెళితే మనసు గిరగిర తిరుగుతుంది. ముందు ఫోన్ పక్కన పెట్టి, దీపం తగ్గించి, కాళ్ళు ఎత్తులో పెట్టుకుని కూర్చో. పదిహేను నిమిషాలయ్యాక పడుకో. ముక్కుతో 4 సెకన్లు గాలి తీసుకుని, 6 సెకన్లు వదులు. ఇలా అయిదు నిమిషాలు చాలు. గుండెల నిండా బలంగా పీల్చకు. అతిగా పీల్చి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, మూతి చుట్టూ తిమ్మిరెక్కి, తల తిరుగుతుంది. దాన్ని చూసి భయపడితే దడ ఇంకా పెరుగుతుంది.

చాలా దడలకు మూలం నిలబడడంలో ఉంటుంది. నిలబడితే రక్తం కాళ్ళలోకి దిగుతుంది. ఈ జబ్బున్న చాలామందిలో శరీరం దాన్ని సరిగ్గా పైకి తోయలేక నోరడ్రినలిన్‌ను ఎక్కువగా వదులుతుంది. అందుకే కూర్చుని చెయ్యగల పని నిలబడి చెయ్యకు. స్నానమూ స్టూలు మీదే, అదీ గోరువెచ్చటి నీళ్ళతోనే, ఎందుకంటే వేడినీళ్ళు రక్తనాళాలను ఇంకా సడలిస్తాయి. ఒకసారి పరీక్ష చేసి చూడు. పది నిమిషాలు పడుకుని నాడి లెక్కపెట్టు, తర్వాత గోడకు ఆని పది నిమిషాలు నిలబడి నిమిషానికోసారి లెక్కపెట్టు. పక్కన మనిషి తప్పకుండా ఉండాలి, కళ్ళు బైర్లు కమ్మితే అక్కడితో ఆపెయ్యాలి. నాడి నిమిషానికి 30 లేదా అంతకన్నా ఎక్కువ పెరిగి అలాగే నిలిచి ఉంటే, ఆ అంకెలు డాక్టరుకు చూపించి పాట్స్ (నిలబడితే గుండె వేగం మితిమీరి పెరిగే సమస్య) సంగతి అడుగు. ఉప్పు, నీళ్ళు పెంచడం, బిగుతు మేజోళ్ళు కొందరికి బాగా పనిచేస్తాయి. కానీ రక్తపోటో కిడ్నీ సమస్యో ఉంటే ఉప్పు ముట్టుకునే ముందు డాక్టర్ని అడగాలి.

రోజంతా హద్దులో ఉండడానికి ఒక కొలత ఉంది. ఉదయం పక్క మీద నుంచి లేవకముందే నాడి చూసుకుని, ఏడు రోజుల సగటు తీసి, 15 కలుపు. సగటు 72 అయితే 87 నీ గీత. దాటితే కూర్చో, అయినా దిగకపోతే పడుకో. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్లు వాడుతుంటే ఈ లెక్క సరిపోదు. ఆ మందులు కొందరికి దడ తగ్గిస్తాయి, కానీ ఆస్తమా ఉన్నవాళ్ళకు ప్రమాదం. ఎవరూ వాటిని చెప్పాపెట్టకుండా మానెయ్యకూడదు.

రాత్రి రెండు మూడు గంటలకు గుండె దడతో మెలకువొస్తే ముందు నిన్నటి శ్రమ గుర్తుచేసుకో. తర్వాత రాత్రి భోజనానికీ పడకకూ మధ్య ఎంత వ్యవధి ఉందో చూడు. చక్కెర తగ్గినప్పుడూ అడ్రినలిన్ వస్తుంది కనుక పడుకునే ముందు మాంసకృత్తులున్న చిరుతిండి కొద్దిగా తిను. మధ్యాహ్నం దాటాక కాఫీ వద్దు. గురక, ఊపిరి ఆగడం ఉన్నాయేమో ఇంట్లోవాళ్ళను అడుగు, ఉంటే నిద్ర పరీక్ష చేయించుకో.

ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, ఊపిరాడకపోవడం వస్తే ఇవన్నీ పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్ళు. తలనొప్పి, చెమటలు, హెచ్చు రక్తపోటు కలిసి దఫదఫాలుగా వస్తుంటే, అడ్రినల్ గ్రంథిలో కణితి ఉందేమో, థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందేమో పరీక్షించమని అడుగు. అన్నిటినీ ఈ జబ్బు ఖాతాలో వెయ్యకు.

ఇంట్లోవాళ్ళకు ఒక మాట ముందే చెప్పి ఉంచు. 'నేను గబగబా మాట్లాడుతూ, కళ్ళు మెరుస్తూ కనిపిస్తే సంతోషించకండి, కూర్చోమని చెప్పండి' అను. వాళ్ళు చెప్పినప్పుడు నీకు కోపం రావచ్చు, అదీ అడ్రినలినే. కోపంగానే వెళ్ళి పడుకో.

ఆశీస్సులతో,
నీ అత్తయ్య