పదేళ్ళు పాడవకుండా ఉండే పెన్ డ్రైవ్ ఏ కంపెనీది కొనాలి? (ఇంట్లో ఫొటోలు, పెళ్ళి వీడియో దాచుకోవడానికి)

ప్రశ్న చూడగానే నవ్వొచ్చింది, ఏమనుకోకండి. 128 జీబీది ఒకటి మంచిది కొని, ఫొటోలూ పెళ్ళి వీడియో అందులో వేసి, బీరువాలో పెట్టేసి పదేళ్ళు మర్చిపోదాం అన్నారు కదా. ఆ "మర్చిపోదాం" దగ్గరే నవ్వొచ్చింది. మాది తెనాలి దగ్గర, పెళ్ళి వీడియోలు తీసి మిక్సింగ్ చేయడం నా పని. డీవీడీలు పోయి అందరూ పెన్ డ్రైవ్‌లో అడగడం మొదలెట్టాక ఏడాదికి ముప్పై నలభై నా చేతిమీదుగానే పోతుంటాయి. కంపెనీ పేరు చెప్తాను కానీ ముందు ఒక పెళ్ళి గురించి వినండి.

2019 వేసవి. కొల్లిపర వైపు ఒక పల్లెలో పెళ్ళి, ముహూర్తం తెల్లవారుజామున 2 గంటల 40 నిమిషాలకి. ఆ వారంలో అది నాకు నాలుగో పెళ్ళి, లాప్‌టాప్ మొత్తం నిండిపోయి ఉంది, అందుకని రెండ్రోజుల ముందే సిటీకి వెళ్ళినప్పుడు ఎలక్ట్రానిక్స్ సామాను అమ్మే సందులో ఒక కొట్లో 128 జీబీ పెన్ డ్రైవ్ కొన్నా. 450 రూపాయలు. బయట వెయ్యి పైనే ఉన్న రోజులు. ప్యాకింగ్ చూస్తే అసలు దానికంటే ఇదే ఎక్కువ మెరిసిపోతోంది, అక్కడే అనుమానం రావాల్సింది, రాలేదు, బేరమాడి ఇంకో 50 తగ్గించలేకపోయానే అని బాధపడ్డా.

అప్పగింతలు అయ్యేసరికి ఐదున్నర. పొద్దున పదింటికి రేపల్లె వైపు అబ్బాయిగారింట్లో సత్యనారాయణ వ్రతం, కెమెరా కార్డులు రెండూ ఫుల్లు, ఖాళీ చేయకపోతే పని జరగదు. వ్యాన్‌లో ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని కార్డుల్లోంచి ఆ పెన్ డ్రైవ్‌లోకి కాపీ పెట్టా. రెండూ కలిపి 80 జీబీ, సెకనుకి 10 ఎంబీ చొప్పున నత్తనడక, రెండుంపావు గంట పట్టింది. నేను నిద్రపోయా. లేచి చూస్తే కాపీ అయిపోయింది, ఒక్క ఎర్రర్ లేదు, ఫైళ్ళన్నీ పేర్లతో సహా సైజులతో సహా వరసగా ఉన్నాయి. అసిస్టెంట్ కుర్రాడు "అన్నా, ఒకసారి ఆడించి చూద్దామా" అన్నాడు, వాడికున్న బుద్ధి నాకు లేదు, అయినా మొదటి రెండు ఫైళ్ళు ఓపెన్ చేశా. పెళ్ళికూతుర్ని చేయడం, గౌరీపూజ. బ్రహ్మాండంగా ఆడాయి. కార్డులు రెండూ ఫార్మాట్ కొట్టేశా.

నాలుగో రోజు మిక్సింగ్‌కి కూర్చుంటే తెలిసింది, గౌరీపూజ దాటాక ఒక్క ఫైలూ ఓపెన్ కావట్లేదు. బుట్టలో మేనమామలు తీసుకురావడం, అడ్డుతెర, జీలకర్ర బెల్లం, మంగళసూత్రం, తలంబ్రాలు, అన్నీ పేర్లే, లోపల ఏమీ లేదు. కార్డుల మీద అప్పటికే వ్రతమూ ఇంకో రిసెప్షనూ తీసేశాం, రికవరీ సాఫ్ట్‌వేర్ పెడితే ముక్కలు ముక్కలుగా ఎవరివో చేతులూ కాళ్ళూ వచ్చాయి.

జరిగిందేంటంటే లోపలున్న చిప్పు 16 జీబీదే. ఆ చిప్పుని నడిపించే కంట్రోలర్‌కి మాత్రం ఎవరడిగినా 128 అని చెప్పమని నేర్పించి వదిలారు. 16 దాటాక రాసిందంతా అడుగున చిల్లున్న గోతంలో ధాన్యం పోసినట్టే. ఫైళ్ళ పేర్లూ సైజులూ రాసుకునే పట్టిక డ్రైవ్ మొదట్లో ఉంటుంది కాబట్టి అది చెక్కుచెదరదు, అందుకే కంప్యూటర్‌కీ తెలీదు, మనకీ తెలీదు.

పెళ్ళికూతురు వాళ్ళ బాబాయి ఫోన్‌లో అన్న మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. "ఏంటయ్యా, ఇరవై లక్షలు పెట్టి పెళ్ళి చేస్తే నువ్వు పెన్ డ్రైవ్ దగ్గర కక్కుర్తి పడ్డావా?" ఏం చెప్తాం. అదృష్టం ఏంటంటే ఎల్ఈడీ స్క్రీన్ పెట్టిన కుర్రాడు లైవ్‌లో వచ్చింది వచ్చినట్టు తన సిస్టంలో రికార్డ్ పెట్టుకున్నాడు, అతని ఇంటికెళ్ళి బతిమాలి తెచ్చుకున్నా. మంగళసూత్రం దొరికింది, తలంబ్రాలు దొరికాయి. అప్పగింతలు దొరకలేదు, ఎందుకంటే తలంబ్రాలవగానే అతను వైర్లు చుట్టేసి వెళ్ళిపోయాడు. పెళ్ళికూతురు వాళ్ళమ్మగారు నన్ను ఒక్క తిట్టు తిట్టలేదు, "సరేలే నాయనా, అప్పగింతలున్నాయా" అని మాత్రం అడిగారు. చుట్టాలబ్బాయి ఒకడి ఫోన్‌లో నిలువుగా తీసిన 40 సెకన్ల ముక్క దొరికితే అటూ ఇటూ నల్లగా వదిలేసి అదే వేసిచ్చా. బ్యాలెన్స్ డబ్బులు నేను అడగలేదు, వాళ్ళూ ఇవ్వలేదు.

కాబట్టి నా లెక్కలో కంపెనీ రెండో విషయం, మొదటి విషయం కొన్న రోజే దాన్ని నిండా నింపి చూడటం. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని ఒక చిన్న ఉచిత ప్రోగ్రాం ఉంది విండోస్‌కి, డ్రైవ్ మొత్తం ఒక్కో జీబీ ఫైళ్ళతో నింపి మళ్ళీ చదివి రాసిందే వచ్చిందా లేదా చూస్తుంది. లైనక్స్, మ్యాక్ వాడేవాళ్ళకి ఎఫ్3 అని ఉంది. ఈ పరీక్ష పాసవ్వని పెన్ డ్రైవ్ మీద ఏ పేరు ముద్రించి ఉంటే ఏంటి? ఆన్‌లైన్‌లో కొంటే రిటర్న్ గడువు లోపలే చేయండి, గడువయ్యాక చేసి ఏడ్వద్దు.

పేర్లంటారా, శాన్‌డిస్క్, శామ్‌సంగ్, కింగ్‌స్టన్, ఈ మూడింట్లో ఏదైనా సరే, నాకు వీటిల్లో పెద్ద తేడా కనబడలేదు, పేరు కంటే అమ్మేవాడెవడన్నది చూడండి. చాలా మోడళ్ళకి 5 ఏళ్ళ వారంటీ ఉంటుంది, కానీ వారంటీ అంటే పోయిన దాని బదులు కొత్త పెన్ డ్రైవ్ ఇస్తారు, మీ పెళ్ళి మళ్ళీ చేయరు. అట్ట మీద పెద్దగా వేసే స్పీడు చదివే స్పీడు, రాసే స్పీడు గురించి నోరెత్తరు, నీలం రంగు నాలుక ఉంది కదా అని వేగంగా పనిచేసే యూఎస్‌బీ 3.0 రకం కొంటే రాసేటప్పుడు సెకనుకి 20 ఎంబీ దగ్గర ఈడుస్తూ కూర్చునేవి చాలా ఉన్నాయి.

బాడీ విషయానికొస్తే మూత ఉన్నది వద్దు, మూత వారంలో పోతుంది. ఒకే ముక్క మెటల్‌ది కొనండి. అయితే గోరంత ఉండే బుల్లి పెన్ డ్రైవులున్నాయి చూశారా, కారు స్టీరియోకి పెట్టుకునేవి, వాటిని పాటలకే ఉంచుకోండి. వాటిల్లో చిప్పూ కంట్రోలరూ అన్నీ కలిపి ఒకే ముద్దగా పోత పోసేస్తారు, అది చచ్చిందంటే రికవరీ వాళ్ళు పైపొర గీకి వెంట్రుకల్లాంటి వైర్లు అతికించి చూడాలి, దానికి వాళ్ళడిగే డబ్బులతో ఇంకో కెమెరా లెన్స్ వస్తుంది.

ఇంకో దరిద్రం ఈ చెక్క పెన్ డ్రైవులు. చెక్క పెట్టె, లోపల చెక్క పెన్ డ్రైవ్, దానిమీద అబ్బాయి పేరు అమ్మాయి పేరు, మధ్యలో లవ్ గుర్తు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కస్టమర్లు అదే కావాలంటారు, లోపల ఏ చిప్పు ఉందో ఆ చెక్కేవాడికే తెలీదు. ఇప్పుడు నేను పెట్టెలో చెక్కది పెట్టి పక్కనే మామూలు కంపెనీది ఇంకోటి పెట్టి ఇస్తున్నా. ఇచ్చాక మళ్ళీ ఫోన్లు. "64 అని చెప్పి 59 ఇచ్చావేంటి" అని ఒకాయన నాతో అరగంట గొడవ. కంపెనీవాడు వెయ్యితో లెక్కేస్తాడు, విండోస్ 1024తో లెక్కేస్తుంది, 64 అంటే 59.6 గానే కనబడుతుంది, 128 అయితే 119. ఇది మోసం కాదండీ అంటే వినడు. ఇంకొకాయన టీవీలో పెళ్ళి రావట్లేదంటాడు. చాలా పాత టీవీలు ఫ్యాట్32 (పెన్ డ్రైవ్‌ని ఫార్మాట్ చేసే ఒక పాత పద్ధతి) తప్ప చదవవు, ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, అందుకే ముక్కలు చేసి ఇస్తే "సినిమా మధ్యలో ఆగుతోంది" అని కంప్లయింటు. జిరాక్స్ షాపులో పెట్టి షార్ట్‌కట్ వైరస్ తగిలించుకొచ్చి వీడియో మొత్తం డిలీట్ అయిందని ఏడ్చినావిడ కూడా ఉంది, పాపం ఫైళ్ళు దాక్కున్నాయంతే, తీసిచ్చా.

మీ అసలు ప్రశ్న పదేళ్ళు కదా. పెన్ డ్రైవ్ సంచి లాంటిదండీ, బీరువా కాదు. సరుకు ఇక్కణ్ణించి అక్కడికి మోయడానికి పనికొస్తుంది. లోపల డేటా అంటే బుల్లి బుల్లి గదుల్లో పట్టి ఉంచిన కరెంటు ఛార్జే, ఇప్పటి చవక రకాల్లో ఒక్కో గదిలో 3 బిట్లు (ఒక్కో బిట్ సున్నా లేదా ఒకటి, మూడూ కలిపితే ఎనిమిది రకాలు) ఇరికిస్తారు, అంటే గ్లాసులో నీళ్ళు ఎనిమిది గీతల్లో ఏ గీత దాకా ఉన్నాయో చూసి చదవడం అన్నమాట. ఏళ్ళ తరబడి ముట్టుకోకుండా వదిలేస్తే ఆ నీళ్ళు మెల్లగా ఇంకిపోతాయి. వేడికి ఇంకా తొందరగా. మే నెలలో పల్నాడు ఎండకి కారు డ్యాష్‌బోర్డు మీద పెన్ డ్రైవ్ వదిలేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

నేను మా ఇంట్లో చేసేది చెప్తా. అసలు కాపీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులో, ఇంకోటి కంపెనీ పెన్ డ్రైవ్‌లో, ఆ పెన్ డ్రైవ్ మా తమ్ముడి ఇంట్లో ఉంటుంది, ఇల్లు మునిగినా ఒకటి మిగలాలి కదా. ఏటా సంక్రాంతికి అందరం కలిసినప్పుడు రెండూ సిస్టంకి పెట్టి, తలా నాలుగు ఫైళ్ళు, మొదటివి కాదు, మధ్యలోవీ చివరివీ ఆడించి చూసి, పెన్ డ్రైవ్ ఖాళీ చేసి కొత్తగా మళ్ళీ రాస్తాం. తీసేటప్పుడు ఎజెక్ట్ కొట్టి తీస్తాం, మా పిల్లాడు తప్ప.

మీరు 128 కొన్నాక ఆ టెస్ట్ పెట్టండి, రెండు గంటల పైనే పడుతుంది, మధ్యలో పీకద్దు. రిజల్ట్ స్క్రీన్‌షాట్ తీసి ఇక్కడే కింద పెట్టండి, చూసి చెప్తా. ఈ నెలాఖరు దాకా ముహూర్తాలున్నాయి, రిప్లై కొంచెం లేటవ్వచ్చు.