పట్టా మీద అంకె

చిట్టితల్లికి,

నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది, కొవ్వూరు నుంచి సామర్లకోట దాకా ఒక్కో స్టేషన్లో దిగి పాత రైలు చరిత్రంతా రాస్తావట. ముప్పైఏడేళ్ళు ఆ పట్టాల వెంట బూట్లు అరగదీసినవాణ్ణి, ముందు నాకు చెప్పొద్దూ? కోపం వచ్చింది. రాత్రి మీ అమ్మమ్మ ఫొటో ముందు నిలబడి ఆ కబురే గొప్పగా చెప్పుకున్నాననుకో, అది వేరే సంగతి.

నీళ్ళ సీసా, టోపీ, నోటుబుక్కు, స్టేషన్ మాస్టారి అనుమతి. ఇవి నీకు తెలిసినవే. నడుస్తున్న లైను మీద కాలు పెట్టకు. పైన కరెంటు తీగలుంటాయి, సెల్ఫీ కర్ర ఇంట్లో పారెయ్.

నా భయమంతా గోదారి మీది పాత రైలు వంతెన, అదే హేవలాక్ వంతెన గురించే. 1997లో మూసేశారు, ఇంక రైళ్ళు రావు కదా అంటావు. రైలు రాకపోవడమే ప్రమాదం తల్లీ. బండ్లు తిరిగినన్నాళ్ళూ పట్టాలు చూసుకునే కీమ్యాన్ బోల్టులు తట్టి చూస్తూ పోయేవాడు. ఇప్పుడు తట్టేదెవరు? గర్డరు, అంటే ఇనప దూలం మీద నేలుండదు, పట్టాల కింద అడ్డంగా వేసిన స్లీపరు చెక్కకీ చెక్కకీ మధ్య గోదారే. ఉద్యోగంలో చేరిన మొదటి నెల, పట్టాలు బాగుచేసే గ్యాంగు మేస్త్రి వెనకాల నడుస్తూ తొమ్మిదో స్పాన్ దగ్గర (స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాన్ని స్పాన్ అంటాం) కిందికి చూశాను. నీళ్ళు ఆగిపోయి వంతెనే ఎగువకి కొట్టుకుపోతున్నట్టయింది. అక్కడే కూలబడ్డాను. "గోదారిని గట్టు మీంచి చూడాలి బాబూ, ఇక్కడ చెక్కనే చూడాలి," అని చెయ్యిచ్చి లేపాడు. ఇంకా నలభైఏడు స్పాన్లున్నాయి! నువ్వు ఫొటోలు గట్టు మీంచే తియ్యి. ఒట్టెయ్యి.

గట్టు మీద నిలబడితే చరిత్ర కూడా బాగా కనిపిస్తుంది. 1893 మొదలు ఈ కోస్తా లైను ముక్కలు ముక్కలుగా తెరిచారు గానీ గోదారి దగ్గర పట్టా ఆగిపోయేది. కొవ్వూరులో రైలు దిగి, పడవెక్కి, అవతలి గట్టున మళ్ళీ రైలెక్కాలి. 1900లో ఇంజనీరు వాల్టన్ దొర ఈ హేవలాక్ వంతెన పూర్తిచేశాడు. 56 స్పాన్లు, ఒక్కోటీ 150 అడుగులు, ఒకటే లైను. ఆ 'ఒకటే లైను' అన్నమాట గట్టిగా రాయి. అటునుంచి బండి వస్తుంటే ఇటు బండి ఆగాల్సిందే. 1974లో కింద రైలు, పైన రోడ్డూ ఉన్న వంతెన వచ్చాకే నది మీద రెండో దారి దొరికింది. 1997 నాటి విల్లు కమానుల వంతెనకి స్పాన్లు 28, స్పాను 97 మీటర్ల పైచిలుకు. స్పాన్ల లెక్క పాతదాంట్లో సరిగ్గా సగం! స్తంభాల పునాదికి నదిలో దింపే నూతుల తిప్పలు ఎంత తగ్గుతాయో ఆ ఒక్క లెక్కే చెబుతుంది.

ఇక నేను చేసిన తప్పు విను. నేనున్న ఓ చిన్న స్టేషన్లో రేకుల షెడ్డుకి పాత పట్టాలే స్తంభాలు. ఓ రోజు తుప్పు గీకితే పట్టా నడుము మీద కంపెనీ పేరూ, '1888' అనీ ఉబ్బెత్తుగా కనిపించాయి. ఎగిరి గంతేశాను. స్టేషను ఉత్సవానికి వేసిన సంచికలో మన స్టేషను 1888 నాటిదని రెండు పేజీలు రాశాను. అసలు లైనే 1893లో వస్తే ఐదేళ్ళ ముందు స్టేషను ఎవరి కోసం? ఆ ఆలోచనే తట్టలేదు. సభలో శాలువా కప్పారు. సాయంత్రం టీ కొట్టు దగ్గర మేస్త్రి నెమ్మదిగా అన్నాడు: "మా అబ్బాయి చదివి వినిపించాడండి. ఆ పట్టా నేనూ మా నాన్నా పాతిందేనండి. షెడ్డు పెంచినప్పుడు డిపోలోంచి అరిగిపోయిన పట్టాలు తెచ్చారు."

"మరి ముందే చెప్పలేదేం?"

"మీరు అడగలేదు కదండీ."

నేను తుప్పు గీకిన వైరు బ్రష్షు అతని దగ్గర అడిగి తీసుకున్నదే. బ్రష్షు అడిగాను గానీ మాట అడగలేదు. గ్యాంగువాడికి చరిత్రేం తెలుస్తుందనుకున్నాను, అదీ నిజం. పట్టా మీద అంకె అది ఉక్కు మిల్లులో పుట్టిన ఏడాదేనమ్మా, పాతిన ఏడాది కాదు. గర్డరు మీది పలకైనా అంతే. మొన్న ఓ పెళ్ళిలో ఎవడో కుర్రాడు మా స్టేషను 1888 నాటిదని నాతోనే వాదించాడు. పుస్తకంలో ఉందట!

అందుకని గ్యాంగుల్లో చేసి రిటైరైనవాళ్ళ ఇళ్ళకి ముందు వెళ్ళు. ఏ సంవత్సరం అని అడక్కు, తడబడతారు. 86 వరదకి ముందా తర్వాతా, పెద్దమ్మాయి పెళ్ళికి ముందా అని అడుగు. పెట్టిన కాఫీ తాగు, చక్కెర ఎక్కువైందని మొహం చిట్లించకు, నీకా అలవాటుంది. మేస్త్రి కొడుకు నిడదవోలులో ఉన్నాడు, నీతో తిరగమని చెప్పాను. కాదనకు.

ఆ వైరు బ్రష్షు నా దగ్గరే ఉండిపోయింది. పేపర్లో చుట్టి మీ అమ్మ చేతికిస్తాను. కొవ్వూరులో దిగగానే ఫోన్ చెయ్యి. ఎత్తకపోతే ఇంకోసారి చెయ్యి, ఈ మధ్య నాకు మొదటి రింగు వినపడటం లేదు.

మీ తాతయ్య