బోన్ క్యాన్సర్ మందులు, జీన్స్ మీద రీసెర్చ్ చెయ్యాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: మా తమ్ముడికి 14 ఏళ్లప్పుడు మోకాలి దగ్గర ఆస్టియోసార్కోమా (ఒక రకం ఎముక క్యాన్సర్) వచ్చింది. కీమో తర్వాత ఆపరేషన్ చేసి రెస్పాన్స్ సరిగా లేదన్నారు, పక్క బెడ్ బాబుకి అవే మందులు బాగా పనిచేశాయి. మందుల్ని ఒంట్లో మార్చే (మెటబలైజ్ చేసే) ఎంజైమ్‌ల జీన్స్ వల్ల ఇలా జరగొచ్చని చదివాను. బయోటెక్ డిగ్రీ ఫైనల్ ఇయర్, దీనిమీదే పనిచెయ్యాలనుంది, ఏ కోర్సు తీసుకోను?

జవాబు: తమ్ముడు ఇప్పుడెలా ఉన్నాడో రాయలేదమ్మా, బావుండాలని మనసారా కోరుకుంటున్నా. కోర్సు సంగతికి ముందు నీ ప్రశ్ననే కాస్త విప్పి చూద్దాం, దాన్నిబట్టే దారి మారుతుంది.

ఆపరేషన్‌లో తీసిన గడ్డలో 90 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ చచ్చిపోయి ఉంటే గుడ్ రెస్పాన్స్ అంటారు. ఇచ్చేవి మెయిన్‌గా మెథోట్రెక్సేట్, డాక్సోరూబిసిన్, సిస్‌ప్లాటిన్. సిస్‌ప్లాటిన్‌ని గ్లూటాథయోన్ అనే ఒంట్లోని పదార్థంతో కట్టి బయటికి పంపే పనిలో జీఎస్‌టీపీ1 లాంటి ఎంజైమ్‌లు ఉంటాయి కాబట్టి చాలామంది వాటినే వెతికారు, కానీ హైడోస్ మెథోట్రెక్సేట్ చాలావరకు మారకుండానే కిడ్నీల్లోంచి పోతుంది, అక్కడ ఎంజైమ్ కన్నా మందుని కణాల్లోకి, బయటికి చేరవేసే ట్రాన్స్‌పోర్టర్ల జీన్స్‌దే పెద్ద పాత్ర. ఐఫాస్ఫమైడ్ అనే ఇంకో కీమో మందైతే పూర్తిగా రివర్స్, సీవైపీ3ఏ4, సీవైపీ2బీ6 అనే ఎంజైమ్‌లు దాన్ని మారిస్తేనే అది మందవుతుంది. అందుకే ఎంజైమ్ స్పీడుగా ఉంటే మందు పనిచెయ్యదు అని ఒక్క ముక్కలో తేల్చెయ్యలేం. పైగా రక్తంలో చూసేది పుట్టుకతో వచ్చిన జీన్, గడ్డలో జీన్స్ మళ్లీ వేరేగా మారిపోయి ఉంటాయి.

ఇంకో కష్టం, ఇది అరుదైన జబ్బు, ఒక్కో స్టడీలో పిల్లలు తక్కువమంది, ఒకచోట జీఎస్‌టీపీ1 అని తేలితే ఇంకోచోట తేలదు. అందుకని తమ్ముడి విషయంలో ఫలానా జీనే కారణమని ఎవరైనా ఖాయంగా చెబితే నమ్మకు తల్లీ. అలాగని ప్రశ్న చిన్నది కాదు, రెస్పాన్స్ సరిగా రాని పిల్లలకి ఆపరేషన్ తర్వాత ఐఫాస్ఫమైడ్, ఎటోపోసైడ్ కూడా కలిపిచ్చిన యూరామోస్-1 ట్రయల్‌లో లాభం కనబడలేదు, సైడ్ ఎఫెక్ట్స్ మాత్రం పెరిగాయి. మందు పెంచితే చాలదని తెలిశాక ఎవరికి ఏది అన్నదే కదా మిగిలింది.

నన్నడిగితే రెస్పాన్స్‌తో పాటు టాక్సిసిటీ, అంటే మందు చేసే హాని వైపు కూడా చూడు. డాక్సోరూబిసిన్‌తో గుండె దెబ్బతినడానికి ఆర్‌ఏఆర్‌జీ, ఎస్‌ఎల్‌సీ28ఏ3 జీన్స్, సిస్‌ప్లాటిన్‌తో వినికిడి పోవడానికి ఏసీవైపీ2, ఇలా ఈ వైపు ఆధారాలు కాస్త గట్టిగా ఉన్నాయి. బ్లడ్ క్యాన్సర్ పిల్లలకైతే టీపీఎంటీ, ఎన్‌యూడీటీ15 జీన్స్ టెస్ట్ చూసి మెర్కాప్టోప్యూరిన్ అనే మందు డోసు తగ్గించడం ఇప్పటికే జరుగుతోంది, అంటే ఈ చదువు పేషెంట్ మంచం దాకా చేరే చదువే.

ఇక కోర్సు. ల్యాబ్‌లో డీఎన్‌ఏ తీసేవాళ్లు దొరుకుతారు, కొద్దిమంది పిల్లల డేటాలోంచి నిజమేదో యాదృచ్ఛికమేదో విడదీసేవాళ్లే తక్కువ, కాబట్టి నా ఓటు బయోస్టాటిస్టిక్స్‌కి, లేదా స్టాటిస్టిక్స్ గట్టిగా చెప్పే హ్యూమన్ జెనెటిక్స్ ఎమ్మెస్సీకి. ఆ తర్వాత పీహెచ్‌డీ ఫార్మకోజీనోమిక్స్‌లో, అంటే జీన్స్‌ని బట్టి మందు ఎలా పనిచేస్తుందో చూసే శాస్త్రంలో చెయ్యొచ్చు. వార్డులో పిల్లల పక్కనే ఉండి పనిచెయ్యాలనుంటే అది క్లినికల్ ఫార్మసీ, దానికి ఫార్మసీ డిగ్రీ కావాలి, అంటే మళ్లీ మొదట్నుంచి.

అప్లికేషన్లు పెట్టేలోగా స్టాటిస్టిక్స్‌కి వాడే ఆర్ (R) ప్రోగ్రామింగ్ మొదలుపెట్టు, జీన్ టెస్ట్‌ని బట్టి మందు ఎలా ఇవ్వాలో చెప్పే సీపిక్ (CPIC) గైడ్‌లైన్స్ ఫ్రీగా దొరుకుతాయి, టీపీఎంటీ ది ఒకటి పూర్తిగా చదివి ఏం అర్థమైందో నాకు మళ్లీ రాయి.