అమ్మణ్ణీ, ముందు గ్రైండర్ మూత విప్పి చూడు

అమ్మణ్ణీ,

నెల్లూరు ల్యాబ్‌లో పశువుల దాణాలో ఎముక ముక్కలున్నాయేమో చూసే టెస్టింగ్ ఉద్యోగం నీకు వచ్చిందని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది, నాకు తెల్లార్లూ నిద్ర పట్టలా. మనింట్లోంచి ఇంకొక ఆడపిల్ల మైక్రోస్కోపు ముందు కూర్చోబోతుందని సంతోషం, దాంతోపాటే భయం. పందొమ్మిదేళ్ళు అదే పని చేసిన పెద్దమ్మని ఒక్క మాట అడగాలనిపించలేదా మే నీకు? సరేలే, కోపం లేదు, చదువు.

శాంపిల్ ఒక్క బస్తాలోంచి తీయబాక, పది చోట్ల తీసి కలుపు. నంబరు అప్పటికప్పుడే రాసుకో. సగం సీలేసి దాచు. దాణాలోంచి ఎముకని విడదీసే ద్రవం, టెట్రాక్లోరోఇథిలీన్, దాని సీసా ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లు బయటికి లాగేసే గూడు) బయట తెరవబాక. మేం కిటికీ పక్కనే పోసేవాళ్ళం, సాయంత్రానికి తల దిమ్మెక్కిపొయ్యేది. గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు, ఎవరు తొందరపెట్టినా సరే, దీని మీద నాతో వాదించబాక.

దాణాలో ఎముక వెతకడానికి ఇంత చదువెందుకని మీ నాన్న అన్నాడంట. బ్రిటన్‌లో పశువుల మాంసం, ఎముకలు పొడి చేసి మళ్ళీ ఆవులకే మేపారు, 1986లో పిచ్చి ఆవు జబ్బు బయటపడింది, 1988లో ఆ మేత ఆపారు, అయినా మొత్తం మీద 1,80,000కి పైగా పశువులకి తేలింది, 1996లో మనుషులకొచ్చే ఒక మెదడు జబ్బుకీ దానికీ సంబంధం ఉందని చెప్పారు. ఆ జబ్బు తెచ్చేది మామూలు వేడికి చావదు. మన దేశంలో ఆ జబ్బు కనపళ్ళా, ఇక మీద కూడా కనపడకూడదనే నువ్వు ఆ కుర్చీలో కూర్చునేది, ఆయనకి చెప్పు.

గ్రైండర్‌లో పట్టిన 10 గ్రాముల దాణా పొడి ఆ టెట్రాక్లోరోఇథిలీన్‌లో వేస్తే తవుడు, వేరుశెనగ చెక్క పైకి తేలతాయి, ఎముక అడుగుకి దిగద్ది, అలిజరిన్ రెడ్ అనే రంగు వేస్తే ఎర్రబడద్ది. ఎర్రగా ఉందని ఆగబాక. మన వైపు రొయ్యల మేత ఎక్కువ, చేపల పొడి ఎక్కడైనా కలిసిపోద్ది. మైక్రోస్కోపు పవర్ పెంచి ఎముకలో ఉండే చిన్న చిన్న గూళ్ళు (ఖాళీలు) చూడు, చేపదైతే దారప్పోగుల్లా సన్నగా పొడుగ్గా ఉంటాయి, నేల మీద జంతువుదైతే గుడ్డులా కోలగా ఉంటాయి.

ఇప్పుడు అసలు సంగతి, మీ అమ్మకి కూడా పూర్తిగా చెప్పలేదు. పొదిలి వైపు ఒక చిన్న మిల్లాయన పశువుల దాణా శాంపిల్ వచ్చింది. జంతువుల ముక్క ఉండకూడదని పాల డైరీ వాళ్ళ షరతు. స్లైడు మీద నాలుగు ఎర్ర తునకలు, గూళ్ళు కోలగా. రెండోసారి చూడకుండా పాజిటివ్ అని రాసి సంతకం పెట్టా. లోడు వెనక్కి పోయింది, ఆర్డరు పోయింది. ఆయన మా ల్యాబ్ మెట్ల మీద కూర్చుని, "అమ్మా, మా మిల్లులోకి చేప తునక కూడా రాదమ్మా, వేరుశెనగ చెక్క, తవుడు, మొక్కజొన్న, అంతే" అన్నాడు. అందరూ అట్టనే అంటారులే అని లోపలికి పోయా. తొమ్మిది రోజులు ఆ మాటే చెవుల్లో తిరిగింది. పదో రోజు ఒక్కదాన్నే ఉండి ఉత్త తవుడు అదే గ్రైండర్‌లో పట్టి చూశా. అందులోనూ ఎర్ర తునకలే! మూత లోపలి రబ్బరు రింగు పీకితే దాని వెనక బూడిదరంగు పొడి గట్టిగా అతుక్కోనుంది, అంతకుముందు పట్టిన కోళ్ళ దాణాది, మాంసం ఎముకల పొడి కలిపింది. దాచిన సగం శుభ్రంగా పట్టి చూస్తే ఏమీ లేదు. రిపోర్టు మార్చి రాసి, బస్సెక్కి నేనే పొయ్యి ఆయన చేతికిచ్చా. తిట్టలేదమ్మా ఆయన, మజ్జిగ ఇచ్చాడు. ఆర్డరు మాత్రం మళ్ళీ రాలేదు. ఆ మజ్జిగ గొంతు దిగలేదు నాకు.

అందుకే పాజిటివ్ అనిపించిన ప్రతిసారీ ఉత్త తవుడు ఒకటి పట్టి చూసి, దాచిన సగం మళ్ళీ చేసి, అప్పుడు సంతకం పెట్టు. డీఎన్‌ఏ పట్టుకునే పీసీఆర్ టెస్టుతో అయితే ఇంకా జాగ్రత్త, దూడల దాణాలో పాలపొడి ఉన్నా పశువు డీఎన్‌ఏ అనే చూపిస్తది, ఏమేం కలిపారో ముందు అడుగు. మేనేజరు సాయంత్రంలోగా కావాలంటే రేపిస్తానని చెప్పు. నీకు భయమేస్తే నా పేరు చెప్పు.

పొద్దున తినకుండా పోబాక, ఆ వాసనకి కడుపులో తిప్పుద్ది. ఆదివారం కావలి రా, చేపల పులుసు చేస్తా. ఈలోపు మీ ల్యాబ్ గ్రైండర్ రబ్బరు రింగు చేత్తో ఊడొస్తదో లేదో చూసి నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ