ఎనిమిది అంగుళాల టెలిస్కోపులో రోజెట్ నెబ్యులా ఎందుకు కనబడదు?

ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్‌లో (సాదా పీఠంపై చేత్తో తిప్పే అద్దపు టెలిస్కోపు) ఎన్‌జీసీ 2244 అనే నక్షత్ర గుచ్ఛం చక్కగా కనబడుతున్నా, చుట్టూ ఉంగరంలా ఉండవలసిన రోజెట్ నెబ్యులా (వెలుగుతున్న వాయు మేఘం) జాడే లేదనీ, అద్దంలో లోపముందేమోననీ మీరు అడిగారు. విజయనగరంలో నేను వాడుతున్నదీ ఆ పరిమాణం టెలిస్కోపే కనుక, లోపం అద్దంలో కాదు, ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) ఎంపికలోనూ ఆకాశంలోనూ ఉందని చెప్పగలను.

ఆ నెబ్యులా వెడల్పు సుమారు 1.3 డిగ్రీలు, అంటే నిండు చంద్రబింబానికి రెండున్నర రెట్లు. ఇలాంటి టెలిస్కోపుకు ఉండే 1200 మి.మీ. నాభ్యంతరానికి (ఫోకల్ లెంగ్త్) సాధారణమైన 25 మి.మీ. ప్లోజల్ రకం ఐపీస్ పెడితే 48 రెట్ల వర్ధనం వస్తుంది కానీ, కనిపించే ఆకాశం ఒక డిగ్రీకి అటూఇటూగానే ఉంటుంది. పందిరి కింద నిలబడినవాడికి పందిరి ఆకారం తెలియనట్టే, అంచు అవతలి చీకటి కంటికి అందనప్పుడు లోపలి మసక వెలుగును వెలుగుగా గుర్తించలేము. ఉంగరం మొత్తాన్ని నేను మొదట చూసింది తాటిపూడి జలాశయం వైపు వెళ్లి, 400 మి.మీ. నాభ్యంతరం గల 80 మి.మీ. కటకంతో పనిచేసే చిన్న రిఫ్రాక్టర్‌లో, 16 రెట్ల వర్ధనంతో. మీ టెలిస్కోపుకు రెండు అంగుళాల ఐపీస్ పడితే, వెడల్పు క్షేత్రం గల 30 మి.మీ. ఐపీస్ సరిపోతుంది.

వెడల్పు క్షేత్రం తరువాత కావలసిన రెండవది, ఐపీస్‌కు బిగించే యూహెచ్‌సీ ఫిల్టర్. గుచ్ఛంలోని అత్యంత వేడి (‘O’ తరగతి) నక్షత్రాల అతినీలలోహిత కాంతి వాయువును అయనీకరించగా (పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను విడదీయగా) వెలువడే హైడ్రోజన్ 486, ఆక్సిజన్ 496, 501 నానోమీటర్ల కాంతిని అది రానిచ్చి, మిగిలినదానిలో ఎక్కువ భాగాన్ని ఆపుతుంది. నక్షత్రాలు మసకబారితే కంగారు పడకండి. ఎల్‌ఈడీ వీధిదీపాల తెల్లని కాంతి ఈ తరంగదైర్ఘ్యాలలోనూ ఉంటుంది కాబట్టి, ఫిల్టర్ ఉన్నా పట్టణం దాటక తప్పదు. ఫొటోలలోని ఎరుపును మాత్రం ఆశించవద్దు. చీకటికి అలవాటుపడిన కన్ను ఆ ఎరుపునిచ్చే హైడ్రోజన్ 656 నానోమీటర్ల కాంతిని దాదాపు గ్రహించలేదు, కనిపించేది బూడిదరంగే.

జనవరి చివర్లో రాత్రి పది గంటల ప్రాంతంలో రోజెట్ మన ఆకాశంలో 75 డిగ్రీలకు పైగా ఎక్కుతుంది. ఆర్ద్ర నక్షత్రం (బెటల్‌గ్యూస్) నుంచి ప్రొసియాన్ నక్షత్రం దిశగా మూడో వంతు దూరం వెళ్లి, కొద్దిగా దక్షిణానికి దిగితే గుచ్ఛం దొరుకుతుంది. (అంత ఎత్తున డాబ్సోనియన్‌ను తిప్పడం మెడకూ ఓర్పుకూ పరీక్షే.) కళింగపట్నం వంటి తీరంలో తూర్పు చీకటిగా ఉన్నా, తేమకు ఐపీస్ త్వరగా మసకబారుతుంది, అందుకే నేను లోపలి ప్రాంతాలనే ఎంచుకుంటాను.

గుచ్ఛం మీద చూపు నిలపకుండా, గొట్టాన్ని మెల్లగా పక్కకు జరుపుతూ, ఓరచూపుతో గమనించండి. నల్లని నేపథ్యం ఒకచోట తేలికపడితే అదే నెబ్యులా అంచు. నాకు వాయవ్య భాగం ముందుగా దొరుకుతుంది, నడుమ నక్షత్ర పవనాలు (నక్షత్రాల నుంచి వెలువడే కణ ప్రవాహాలు) తొలిచిన ఖాళీ ఆ తరువాతే తెలుస్తుంది. అప్పటికీ ఏమీ కనబడకపోతే, అదే ఫిల్టర్‌తో ఒరాయన్ నెబ్యులాను చూడండి: దాని రెక్కలు మునుపటికన్నా దూరం విస్తరించి కనిపిస్తే ఫిల్టర్ సరిగానే ఉంది, మార్చవలసింది మీరు నిలబడిన చోటు.