సీ అర్చిన్ (ముళ్లతో గుండ్రంగా ఉండే సముద్రజీవి) అండంలో శుక్రకణం తగలగానే పెరిగే కాల్షియం సముద్రపు నీటి నుంచి వస్తుందా? ఇందులో ఎంజైముల పనేమిటి?

నీటి నుంచి కాదండి, అండం లోపలి నుంచే. కర్నూలులో నా దగ్గర జువాలజీ చదివే డిగ్రీ పిల్లలూ ఏటా ఇదే అడుగుతారు. బయటి నుంచి సోడియం వస్తుందని చదివిన మరుక్షణమే కాల్షియం మాట వస్తుంది కదా, రెండూ ఒకే దారిన వచ్చాయనుకుంటారు. 1974లో స్టైన్‌హార్ట్, ఎపెల్ అనే శాస్త్రవేత్తలు కాల్షియం లేని నీళ్లలో కూడా అయనోఫోర్‌తో (పొరల గుండా కాల్షియాన్ని దాటించే రసాయనం) అండాన్ని మేల్కొలిపారు. శుక్రకణం అవసరమే రాలేదు.

సోడియం పని వేరు. అది చొరబడగానే, మైనస్ 70 మిల్లీవోల్టుల దగ్గరున్న అండం పొర వోల్టేజీ ఒకట్రెండు సెకన్లలో ప్లస్‌కి మారి రెండో శుక్రకణాన్ని ఆపుతుంది. ఆ అడ్డు సుమారు నిమిషమే నిలుస్తుంది. ఆలోపు శాశ్వతమైన అడ్డు లేవాలి. ఎంజైములు దిగేది అందుకే.

ముందు ఎస్‌ఆర్‌సీ జాతి కైనేజ్ (ఫాస్ఫేటు తగిలించే ఎంజైము) పీఎల్‌సీ గామా అనే మరో ఎంజైమును లేపుతుంది. అది పొరలోని పీఐపీ2 అనే కొవ్వును ఐపీ3, డీఏజీ అనే రెండు ముక్కలుగా తెగ్గొడుతుంది. ఐపీ3 వెళ్లి ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ (అండం లోపలి సంచుల వల) తలుపులు తెరుస్తుంది. అక్కడ దాచిన కాల్షియం, శుక్రకణం తగిలిన చోటు నుంచి అవతలి కొసదాకా అరనిమిషంలోపే పాకుతుంది. అది చేరినచోటల్లా కార్టికల్ గ్రాన్యూల్స్ (పొర కిందే ఉండే ఎంజైముల సంచులు) పగులుతాయి. దాంతో అండం మీది బయటి పొర లేచి గట్టిపడుతుంది, శాశ్వతమైన అడ్డు అదే.

పీజీలో ఉండగా విశాఖలో దీన్ని మైక్రోస్కోపులో చూశాను. పొటాషియం క్లోరైడ్ ఎక్కించిన ఆడ అర్చిన్‌ను బీకరు మీద బోర్లిస్తే అండాలు సన్నటి ధారలుగా జారాయి. పల్చన చేసిన శుక్రకణాల చుక్క వేశాక, ఒక అండం అంచున ఒకవైపు గీతలాంటి పొర లేచింది. చూస్తుండగానే చుట్టూ తిరిగి కలిసిపోయింది. కాల్షియం నడిచిన దారి అదేనని అప్పుడు నాకు మనసుకెక్కింది.

లేచిన పొర గట్టిపడే తీరు నాకు మరీ ఇష్టం. గ్రాన్యూల్స్‌లోని ప్రోటియేజ్ (ప్రోటీన్లను కోసే ఎంజైము) ఆ పొర అతుకులు కోస్తే, ఓవోపెరాక్సిడేజ్ అనే మరో ఎంజైము పొర ప్రోటీన్లలోని టైరోసిన్‌లను (ఒక రకం అమైనో ఆమ్లం) ఒకదానితో ఒకటి ముడేస్తుంది. అందుకు కావలసిన హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను అండమే తయారుచేసుకుంటుంది! ఫలదీకరణ కాగానే అండం ఆక్సిజన్ వాడకం ఒక్కసారిగా పెరుగుతుందని శాస్త్రవేత్త వార్‌బర్గ్ 1908లోనే గమనించాడు. అందులో ఎక్కువ భాగం పోయేది శ్వాసక్రియకు కాదు, ఈ పెరాక్సైడ్‌కే. మిగిలింది తనకే హాని చేయకుండా అండంలోని ఓవోథయోల్ అనే పదార్థం దాన్ని విరిచేస్తుంది.

పరీక్షలో ఐపీ3 రాసి డీఏజీని వదిలేయకండి. అది పీకేసీ అనే మరో కైనేజ్‌ను లేపుతుంది. పెరాక్సైడ్ చేసే ఎంజైముకు పీకేసీ కావాలి. సోడియాన్ని లోపలికి తీసుకుని హైడ్రోజన్ అయాన్లను బయటికి పంపి, అండంలో పీహెచ్ పెంచడంలోనూ పీకేసీ చేయి ఉంది. పీహెచ్ పెరిగితేనే ప్రోటీన్ల తయారీ ఊపందుకునేది.